టర్బో కారులో గాలిమీటరు ఎక్కడ ఉండాలి?

పెరియంపట్టి, కారిమంగళం, కావేరిపట్టణం, కృష్ణగిరి ప్రాంతాలలో నివసించే మన తెలుగు కుటుంబాలలో సొంత కారు నేడు అరుదైన వస్తువు కాదు. కొందరు కుటుంబ అవసరాలకు, కొందరు బాడుగకు తిప్పడానికి పాత డీజిలు కార్లను కొంటున్నారు. వీటిలో ఎక్కువ భాగం టర్బో ఇంజను గలవే. ఇటువంటి కారు ఒకనాడు ఉన్నట్టుండి ఎత్తు ఎక్కలేక మొరాయిస్తుంది, లేదా నల్లని పొగ చిమ్ముతుంది. షెడ్డుకు తీసుకువెళితే ఒకరు టర్బో పోయిందంటారు, మరొకరు గాలిమీటరు మార్చాలంటారు. రెండూ ఖరీదైన భాగాలే. రెండూ మార్చిన తరువాత కూడా లోపం అలాగే ఉండిపోయే సందర్భాలు లేకపోలేదు.

ఈ చిక్కు తొలగాలంటే ఒక చిన్న విషయం తెలిసి ఉండాలి. గాలిమీటరు ఇంజనులో ఏ చోట ఉంటుంది, ఆ చోటనే ఎందుకు ఉంటుంది అన్నదే ఆ విషయం. షెడ్డులలో దీనిని ఎయిర్ ఫ్లో మీటరు, ఎయిర్ ఫ్లో సెన్సరు, మాఫ్ సెన్సరు అని పలు పేర్లతో పిలుస్తారు. ఈ వ్యాసంలో గాలిమీటరు అనే మాటను వాడుతున్నాము.

సమాధానం ముందుగానే చెప్పవచ్చు. గాలిమీటరు ఉన్న టర్బో కార్లలో దాని సరైన స్థానం ఎయిర్ ఫిల్టరు తరువాత, టర్బోకు ముందు. అది లెక్కించిన గాలి అంతా వేరే దారి పట్టకుండా సిలిండరుకు చేరాలి. లెక్కకు రాని గాలి మధ్యలో చేరకూడదు. తక్కిన విషయాలన్నీ ఈ నియమం నుండి పుట్టినవే.

గాలిని కొలవడం ఎందుకు?

ఇంధనం మండాలంటే గాలి కావాలి. ఒక కిలో పెట్రోలు పూర్తిగా మండడానికి సుమారు 14.7 కిలోల గాలి అవసరం. డీజిలుకు సుమారు 14.5 కిలోలు. డీజిలు ఇంజను మామూలుగా ఇంతకంటె ఎక్కువ గాలితోనే పనిచేస్తుంది. గాలి చాలకపోతే మండని కార్బను నల్లని పొగగా బయటకు వస్తుంది.

కార్బురేటరు ఉన్న రోజులలో గాలి వేగమే పెట్రోలును లాగుకొనేది. నేటి ఇంజనులలో ఎంత ఇంధనం చల్లాలో ఒక కంప్యూటరు నిర్ణయిస్తుంది. దానికి గాలి కనబడదు. మీటరు పంపే సంకేతమే దానికి కన్ను. మీటరు ఎక్కువ చెబితే కంప్యూటరు ఎక్కువ గాలి ఉన్నదని నమ్ముతుంది, తక్కువ చెబితే తక్కువని నమ్ముతుంది.

ఎంత గాలి అన్నది ఒక ఉదాహరణతో చూద్దాం. మారుతి స్విఫ్టు డీజిలు కారు 2007లో వచ్చింది. ఫియట్ రూపకల్పన చేసిన 1248 సి.సి. ఇంజను అందులో ఉండేది. మారుతి సంస్థ 2020లో డీజిలు కార్ల తయారీని నిలిపివేసినప్పటికీ, ఈ ఇంజను గల పాత కార్లు మన రోడ్ల మీద ఇంకా తిరుగుతున్నాయి. ఈ ఇంజను రెండు చుట్లు తిరిగేసరికి ఒకసారి లీటరుంబావు గాలిని పీల్చుకుంటుంది. నిమిషానికి 2000 చుట్లు తిరిగితే సుమారు 1250 లీటర్లు. మన ప్రాంతంలో 30 డిగ్రీల వేడిలో ఒక లీటరు గాలి సుమారు 1.1 గ్రాములు తూగుతుంది. అంటే టర్బో సహాయం లేకుండానే గంటకు 80 కిలోలకు పైగా గాలి! టర్బో బలంగా ఊదినప్పుడు ఇది ఇంచుమించు రెట్టింపు కావచ్చు.

లీటర్లా, కిలోలా?

పాలు పోసేవారికి ఈ భేదం సులభంగా తెలుస్తుంది. అప్పుడే పితికిన పాలను నురుగుతో సహా లీటరు పాత్రతో కొలిస్తే లెక్క తప్పుతుంది. త్రాసులో తూస్తే తప్పదు. గాలి కూడా అంతే. వేడెక్కితే వ్యాకోచిస్తుంది, చల్లబడితే ముడుచుకుంటుంది, ఎత్తు ప్రదేశాలలో పలుచబడుతుంది. ఇంధనంతో కలిసి మండేది గాలి బరువే గాని, అది ఆక్రమించిన చోటు కాదు.

సుమారు 30 డిగ్రీల వేడిలో సముద్రతీరాన ఉన్న చెన్నైలో ఒక లీటరు గాలి 1.16 గ్రాములు తూగుతుంది. సుమారు 470 మీటర్ల ఎత్తున ఉన్న ధర్మపురిలో 1.10 గ్రాములు. సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న హోసూరులో 1.05 గ్రాములు. అంటే చెన్నై నుండి హోసూరు చేరేసరికి ప్రతి లీటరులోను దాదాపు పదవ వంతు గాలి తగ్గిపోతున్నది.

1970 దశకంలో వచ్చిన తొలి గాలిమీటర్లలో ఒక తలుపు రెక్క ఉండేది. గాలి తోపుకు అది ఎంత తెరుచుకుంటే అంత గాలి అని లెక్క. అది కొలిచేది లీటర్లను మాత్రమే. అందువల్ల ఉష్ణోగ్రతను వేరుగా కొలిచి సరిచేయవలసి వచ్చేది. పైగా ఆ రెక్క గాలి దారికి అడ్డంగా ఉండేది. 1980 దశకంలో వేడి తీగ మీటర్లు, ఆ తరువాత వేడి పొర మీటర్లు వచ్చాయి. వీటిలో సన్నని తీగను లేక పొరను, లోపలికి వచ్చే గాలి కంటె నిర్ణీతంగా ఎక్కువ వేడిలో ఉండేటట్లు విద్యుత్తు నిలుపుతుంది. గాలి వీచేకొద్దీ పొర చల్లబడుతుంది, వేడిని నిలపడానికి ఎక్కువ విద్యుత్తు కావలసి వస్తుంది. ఆ విద్యుత్తే గాలి బరువుకు కొలత. బరువైన గాలి ఎక్కువగా చల్లార్చుతుంది, పలుచని గాలి తక్కువగా చల్లార్చుతుంది. అందుకే ఊరు మారినా, ఎత్తు మారినా ఈ మీటరు తనంతట తానే లెక్క సరిచూసుకుంటుంది.

టర్బో ఉన్నప్పుడు గాలి దారి

స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బూచి 1905లో టర్బో ఆలోచనకు పేటెంటు పొందారు. సైలెన్సరు వైపు పోయే వేడి పొగ ఒక చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసుకు రెండవ కొసన ఉన్న మరొక చక్రం బయటి గాలిని పీల్చి, నొక్కి, ఇంజనులోకి తోస్తుంది. వృథాగా పోయే శక్తితో అదనపు గాలిని లోపలికి నింపడమే టర్బో చేసే పని.

గాలి దారి ఈ వరుసలో ఉంటుంది. మొదట ఎయిర్ ఫిల్టరు డబ్బా, తరువాత గాలిమీటరు, పీల్పు గొట్టం, టర్బో, వేడి గాలి గొట్టం, ఇంటర్‌కూలరు, చల్లని గాలి గొట్టం, చివరకు ఇంజను. నొక్కిన గాలి వేడెక్కుతుంది కనుక దానిని చల్లార్చే రేడియేటరు వంటి భాగమే ఇంటర్‌కూలరు. కొన్ని చిన్న ఇంజనులలో ఇది ఉండదు.

ఈ దారిలో ఒక లీటరు గాలి ఎన్ని మార్పులకు లోనవుతుందో చూడండి. ఫిల్టరు దగ్గర 30 డిగ్రీల గాలి లీటరు 1.1 గ్రాములు. టర్బో దానిని రెట్టింపు ఒత్తిడికి నొక్కినప్పుడు ఉష్ణోగ్రత 110 డిగ్రీలకు చేరిందనుకుందాం. అప్పుడు లీటరు బరువు సుమారు 1.74 గ్రాములు. ఇంటర్‌కూలరులో 55 డిగ్రీలకు చల్లబడితే సుమారు 2.03 గ్రాములు. మూడు చోట్ల లీటరు బరువు మూడు రకాలు. అయినప్పటికీ నిమిషానికి సాగిపోయే గాలి మొత్తం బరువు మూడు చోట్లా ఒక్కటే. గొట్టంలో చిల్లు లేనంతవరకు, ఇంజను ఒకే వేగంతో నడుస్తున్నంతవరకు, మొదట ఎన్ని గ్రాములు ప్రవేశించాయో చివర అన్నే గ్రాములు చేరతాయి.

టర్బో గాలిని నొక్కిన తరువాత కొలిస్తేనే సరైన లెక్క వస్తుందని చాలామంది భావిస్తారు. పై లెక్కను బట్టి అది అవసరం లేదని తేలుతున్నది. బరువును కొలిచే మీటరు టర్బోకు ముందు ఉన్నా, టర్బో లోపలికి తోసే గాలి అంతా దాని గుండానే పోవాలి గదా.

టర్బోకు ముందే ఎందుకు?

ముందు చోట కొలిచినా, వెనుక చోట కొలిచినా బరువు ఒక్కటే అయినప్పుడు ముందు చోటునే ఎంచుకోవడానికి కారణాలు ఉన్నాయి.

మొదటిది వేడి. ఫిల్టరు దగ్గర ఉండేది బయటి గాలి. టర్బో తరువాత గాలి నూరు డిగ్రీలు దాటవచ్చు. సున్నితమైన పొరకు, దాని వెనుకనున్న ఎలక్ట్రానిక్ భాగాలకు చల్లని చోటే మేలు.

రెండవది ఒత్తిడి. ముందు చోట ఉండేది మామూలు వాతావరణ ఒత్తిడి, లేదా అంతకంటె కొద్దిగా తక్కువ. టర్బో తరువాత గాలి లోపలినుండి బయటకు తోస్తూ ఉంటుంది. మీటరు పెట్టె, దాని రబ్బరు వలయం ఆ ఒత్తిడిని తట్టుకొనేటట్లు తయారై ఉండాలి. లేకపోతే మీటరు వద్దనే గాలి కారుతుంది.

మూడవది నూనె. ఇంజను అడుగు పెట్టెలో పేరుకొనే నూనె ఆవిరిని బయటకు వదలకుండా, ఒక గొట్టం ద్వారా మీటరుకు టర్బోకు నడుమ కలుపుతారు. అది టర్బో గుండా తిరిగి ఇంజనులోకి వెళ్ళి కాలిపోతుంది. మీటరు టర్బో తరువాత ఉంటే ఈ నూనె తుంపర నేరుగా పొర మీద పడుతుంది. నూనె పూత పట్టిన పొర సరిగా చల్లబడదు, లెక్క తప్పుతుంది. టర్బో గొట్టాలలో కొద్దిపాటి నూనె తడి ఉండడం ఈ కారణం వల్లనే. ఆ తడిని మాత్రమే చూసి టర్బో పోయిందని నిర్ణయించరాదు. నూనె కారుతూ మడుగు కట్టడం, ఇంజను ఆయిలు త్వరగా తగ్గిపోవడం, నీలపు పొగ రావడం వేరే విషయం.

నాలుగవది గాలి నడక. టర్బో నుండి బయటపడిన గాలి సుడులు తిరుగుతూ వస్తుంది. ఫిల్టరు గుండా వచ్చిన గాలి నెమ్మదిగా, సమంగా వస్తుంది. సమంగా పారే కాలువలోనే నీటిని సరిగా కొలవగలం.

ఈ కారణాల వల్లనే తయారీదారులు ఇంచుమించు అందరూ ముందు చోటునే ఎంచుకున్నారు. పైన చెప్పిన 1248 సి.సి. డీజిలు ఇంజనులోను అంతే. రెండు టర్బోలు గల జపాను కారు నిస్సాన్ స్కైలైన్ జి.టి.ఆర్. 1989లో వచ్చినప్పుడు ప్రతి టర్బోకు ముందు ఒక్కొక్క గాలిమీటరు చొప్పున రెండు మీటర్లు అమర్చారు.

టర్బో తరువాత పెట్టేవారు లేరా?

ఉన్నారు. పందెం కార్లను సిద్ధం చేసేవారు కొందరు మీటరును ఇంటర్‌కూలరు తరువాత, థ్రాటిలుకు ముందు పెడతారు. దీనివల్ల రెండు లాభాలు ఉన్నాయి. ఇంజనుకు దగ్గరగా కొలవడం వల్ల యాక్సిలరేటరు తొక్కినప్పుడు లెక్క త్వరగా అందుతుంది. మీటరుకు ముందున్న గొట్టాలలో కారిపోయిన గాలి లెక్కలోకి రాదు.

అయితే ఇందుకు ఒత్తిడిని తట్టుకొనే మీటరు, తగిన గొట్టం, కంప్యూటరులో కొత్త పట్టిక అవసరం. కంపెనీ అమర్చిన మీటరును ఊడదీసి మరొక చోట బిగిస్తే సరిపోదు. కారణం ఏమంటే, మీటరు గాలి అంతటినీ కొలవదు. గొట్టం మధ్యలో పోయే కొద్ది భాగాన్ని మాత్రమే కొలిచి, గొట్టం వెడల్పును బట్టి మొత్తాన్ని అంచనా కడుతుంది. 70 మిల్లీమీటర్ల గొట్టానికి తయారైన మీటరును 80 మిల్లీమీటర్ల గొట్టంలో పెడితే, గొట్టం వైశాల్యం సుమారు 31 శాతం పెరుగుతుంది. అంతే గాలి నెమ్మదిగా పారుతుంది. మీటరు సుమారు నాలుగవ వంతు తక్కువగా లెక్క చెబుతుంది. అంత తప్పుతో ఏ ఇంజనూ సరిగా నడవదు. కుటుంబ అవసరాలకు వాడే కారులో మీటరు చోటు మార్చమని ఎవరు సలహా ఇచ్చినా అంగీకరించకపోవడమే మంచిది.

కారే చోటును బట్టి లక్షణం

మీటరు ముందు చోట ఉండడంలో ఒక బలహీనత ఉన్నది. దాని తరువాత జరిగే నష్టం దానికి తెలియదు. పాల సొసైటీలో క్యాను తూచి పుస్తకంలో వ్రాసిన తరువాత దారిలో పాలు ఒలికిపోతే పుస్తకానికి ఏమి తెలుస్తుంది? పుస్తకంలో ఉన్న లెక్క ప్రకారమే డబ్బు అడుగుతారు. కంప్యూటరు కూడా మీటరు వ్రాసిన లెక్క ప్రకారమే డీజిలు ఇస్తుంది.

టర్బోకు, ఇంజనుకు నడుమ గొట్టం చీలితే లెక్కించిన గాలిలో కొంత బయటకు పోతుంది. కంప్యూటరు గాలి సమృద్ధిగా ఉన్నదని నమ్మి డీజిలు ఇస్తుంది. సిలిండరులో గాలి చాలదు. నల్లని పొగ వస్తుంది, బండి లాగదు. యాక్సిలరేటరు తొక్కినప్పుడు బుస్సుమనే శబ్దం వినవచ్చు. తగ్గిన ఒత్తిడిని భర్తీ చేయడానికి టర్బో మరింత వేగంగా తిరగవలసి వస్తుంది. ఇలాగే చాలాకాలం నడిపితే మంచి టర్బో కూడా చెడిపోగలదు. చిన్న గొట్టం మార్చవలసిన చోట టర్బో మార్చవలసి వస్తుంది.

మీటరుకు, టర్బోకు నడుమ గొట్టం చీలితే కథ తారుమారు అవుతుంది. అక్కడ టర్బో పీలుస్తూ ఉంటుంది కనుక, చీలిక గుండా లెక్కలేని గాలి లోపలికి వస్తుంది. మీటరు తక్కువ చెబుతుంది. కంప్యూటరు డీజిలు తగ్గిస్తుంది. పొగ అంతగా ఉండదు గాని బండి నీరసిస్తుంది. ఇంకా పెద్ద నష్టం వేరే ఉన్నది. ఆ గాలి ఫిల్టరు గుండా రాలేదు. కృష్ణగిరి, ధర్మపురి ప్రాంతాల గ్రానైటు క్వారీల దారులలో లేచే రాతి దుమ్ము అలాగే టర్బో రెక్కలకు తగిలి, సిలిండరులోకి చేరుతుంది.

మీటరే చెడిపోయినా, దాని పొర మీద మురికి పట్టినా సాధారణంగా లెక్క తక్కువగా వస్తుంది. అప్పుడు కూడా పొగ లేకుండా బండి నీరసిస్తుంది. అందువల్ల పొగ ఉన్నదా లేదా అన్నది మొదట గమనించవలసిన గుర్తు. అయితే పొగ ఒక్కటే రుజువు కాదు. ఇంజెక్టరు లోపం వల్ల కూడా నల్లని పొగ రావచ్చు.

డీజిలు, పెట్రోలు భేదం

డీజిలు కారులో గాలిమీటరుకు రెండు పనులు ఉన్నాయి. పొగ రాకుండా డీజిలుకు హద్దు నిర్ణయించడం ఒకటి. ఈ.జి.ఆర్. అనే పొగ మళ్ళింపు వాల్వును అదుపు చేయడం రెండవది. ఆ వాల్వు కాలిన పొగలో కొంత భాగాన్ని తిరిగి ఇంజనులోకి పంపి, గాలిని కలుషితం చేసే నైట్రోజన్ ఆక్సైడులను తగ్గిస్తుంది. మళ్ళించిన పొగ ఎంత చేరిందో నేరుగా కొలవడం కష్టం. పొగ చేరినకొద్దీ తాజా గాలి తగ్గుతుంది. ఆ తగ్గుదలను మీటరు చెబుతుంది. ఈ వాల్వు మసి పట్టి మూసుకోకుండా నిలిచిపోతే మీటరు తక్కువ గాలి చూపుతుంది. అందులో మీటరు తప్పు లేదు. అది నిజమే చెబుతున్నది.

పెట్రోలు టర్బో కారులో మరొక జాగ్రత్త అవసరం. వేగంలో ఉండగా యాక్సిలరేటరు వదిలితే థ్రాటిలు మూసుకుంటుంది. టర్బో తోసిన గాలి వెనుకకు తన్నుతుంది. దానిని విడుదల చేయడానికి ఒక వాల్వు ఉంటుంది. గాలిమీటరు గల కార్లలో ఆ వాల్వు గాలిని బయటకు వదలదు, తిరిగి మీటరుకు టర్బోకు నడుమ చేర్చుతుంది. ఎందుకంటే ఆ గాలి అప్పటికే లెక్కలో పడినది. కొందరు యువకులు బుస్సుమనే శబ్దం కోసం బయటకు వదిలే వాల్వును బిగిస్తారు. అప్పుడు లేని గాలికి పెట్రోలు పడుతుంది. గేరు మార్చినప్పుడల్లా ఇంజను తడబడుతుంది, పెట్రోలు వృథా అవుతుంది.

మీటరు లేని కార్లు

అన్ని టర్బో కార్లలోను గాలిమీటరు ఉండదు. కొన్ని ఇంజనులు గొట్టంలోని గాలి ఒత్తిడిని, ఉష్ణోగ్రతను, ఇంజను వేగాన్ని కొలిచి, వాటినుండి గాలి బరువును లెక్కగడతాయి. ఫోక్స్‌వ్యాగన్, స్కోడా కార్లలోని 1.0 లీటరు టి.ఎస్.ఐ. పెట్రోలు ఇంజను ఈ పద్ధతిలోనిదే. వీటిలో ఒత్తిడి సెన్సరు టర్బో తరువాతనే ఉండాలి, ఎందుకంటే అది కొలవవలసినది ఇంజను ముంగిట ఉన్న గాలినే. బరువును కొలిచేది టర్బోకు ముందు, ఒత్తిడిని కొలిచేది టర్బో తరువాత అని గుర్తుంచుకుంటే సరిపోతుంది. చాలా డీజిలు కార్లలో రెండూ ఉంటాయి. మీటరు చెప్పిన లెక్కను ఒత్తిడి సెన్సరు చెప్పిన లెక్కతో పోల్చి, పొంతన లేకపోతే కంప్యూటరు దీపం వెలిగిస్తుంది. తీవ్రమైన లోపమని తోస్తే ఇంజను శక్తిని తగ్గించివేస్తుంది. జాతీయ రహదారి 44 మీద లారీని దాటే సమయంలో, లేదా తొప్పూరు ఘాటు ఎక్కే సమయంలో ఇలా జరిగితే ఎంత ప్రమాదమో వేరుగా చెప్పనక్కరలేదు. దీపం వెలిగిన కారును దూర ప్రయాణానికి తీయకూడదు.

తిరిగి బిగించేటప్పుడు

ఫిల్టరు మార్చినప్పుడు మీటరును ఊడదీయవలసి రావచ్చు. తిరిగి అమర్చేటప్పుడు ఈ క్రింది విషయాలను గమనించాలి.

మీటరు మీద గాలి దిశను చూపే బాణం గుర్తు ఉంటే, అది ఫిల్టరు నుండి టర్బో వైపు చూపాలి. రబ్బరు వలయం నలగకుండా కూర్చోవాలి. గొట్టం క్లిప్పులు రెండు వైపులా బిగుతుగా ఉండాలి. మీటరు ముందు సన్నని జల్లెడ ఉంటే దానిని తీసివేయకూడదు, అది గాలిని సమంగా పారించడానికి ఉన్నది. ఫిల్టరు డబ్బా మూత సందు లేకుండా మూసుకోవాలి.

నూనె పూసి వాడే గుడ్డ ఫిల్టర్లలో నూనె ఎక్కువైతే అది పొర మీద చేరుతుంది. కంపెనీ కొలతకు తగిన కాగితపు ఫిల్టరే మేలు. దుమ్ము దారులలో తిరిగే కారుకు, పుస్తకంలో చెప్పిన దూరం కంటె ముందుగానే ఫిల్టరు మార్చడం మంచిది. ఫిల్టరు తీసివేసి కారు నడపడం ఒక్క రోజైనా తగదు.

పొరను వ్రేలితో తాకరాదు, గుడ్డతో తుడవరాదు, కంప్రెసరు గాలితో ఊదరాదు. గాలిమీటరు కోసమే ప్రత్యేకంగా దొరికే స్ప్రే ఉన్నది. ఇంజను ఆపి, తాళం తీసి, మీటరు చల్లబడిన తరువాత దానిని చల్లి, పూర్తిగా ఆరనిచ్చి బిగించాలి. కార్బురేటరు శుభ్రం చేసే స్ప్రే ఇందుకు పనికిరాదు.

షెడ్డులో ఏమి అడగాలి?

ధర్మపురి, కృష్ణగిరి షెడ్డులలో మాట్లాడేది ఎక్కువగా తమిళమే. లక్షణాన్ని సరిగా చెప్పగలిగితే సగం పని అయినట్లే. బండి లాగడం లేదు అనడానికి ‘వండి ఇళుక్కలే’ అనాలి. నల్ల పొగ అంటే ‘కరుప్పు పుగై’. గాలి కారుతున్నదా చూడమనడానికి ‘కాత్తు లీక్ ఆగుదా పారుంగ’ అంటే చాలు. ఎప్పుడు మొదలైంది, ఎత్తులోనా, చదునులోనా, పొగ ఉన్నదా లేదా, దానికి ముందు ఫిల్టరు మార్చారా అన్నవి తప్పక చెప్పాలి. ఫిల్టరు మార్చిన మరునాడే లోపం మొదలైతే క్లిప్పులను, రబ్బరు వలయాన్ని ముందుగా అనుమానించాలి.

పరీక్షల వరుస ఖర్చు తక్కువ నుండి ఎక్కువకు సాగాలి. మొదట ఫిల్టరు, డబ్బా మూత. రెండవది మీటరు నుండి ఇంజను వరకు ప్రతి గొట్టాన్ని, ప్రతి క్లిప్పును చేతితో తడిమి చూడడం. గొట్టం అడుగు వైపున చీలితే పైకి కనబడదు. మూడవది స్కానరు. పి 0101 అనే సంకేతం గాలిమీటరు లెక్కలో పొంతన లేదని చెబుతుంది, పి 0299 అనేది టర్బో ఒత్తిడి తక్కువైనదని చెబుతుంది. ఈ రెండూ లోపం ఉన్న దిక్కును చూపుతాయే గాని, మీటరు మార్చమని, టర్బో మార్చమని ఆజ్ఞాపించవు. చీలిన గొట్టం ఒక్కటే ఈ రెండు సంకేతాలనూ పుట్టించగలదు. నాలుగవది మీటరు చూపే గాలి బరువును ఇంజను ఆడుతుండగా స్కానరులో చూడడం. ఐదవది పొగ మళ్ళింపు వాల్వు. ఇవన్నీ సరిగా ఉన్న తరువాతనే మీటరు, చివరకు టర్బో.

మీటరు మార్చక తప్పనప్పుడు అదే నంబరు గలదానిని కొనాలి. పైకి ఒకే రీతిగా కనబడే రెండు మీటర్ల లెక్కలు వేరు వేరు కావచ్చు. పాత మీటరును అడిగి తీసుకోవాలి. పాత కారును కొనబోయేవారు కూడా ఫిల్టరు డబ్బా నుండి టర్బో వరకు దారిని ఒకసారి చూడాలి. మీటరు తన చోట లేకపోయినా, తీగలు కోసి అతికించి ఉన్నా, గొట్టానికి టేపు చుట్టి ఉన్నా ఆ కారు చరిత్రను మరింత విచారించడం అవసరం.

గాలిమీటరు చేసే పని కావలివాని పని వంటిది. ద్వారం దగ్గర నిలబడి లోపలికి పోయేవారిని లెక్కించగలడే గాని, వెనుక గోడకు పడిన కన్నాన్ని చూడలేడు. లెక్క తప్పినప్పుడు కావలివానిని మార్చడానికి ముందు గోడను ఒకసారి చుట్టి చూడడం వివేకవంతుల లక్షణం. ఆ చూపుకు పట్టేది పది నిమిషాలు. దానివల్ల మిగిలేది ఒక కుటుంబం నెలల తరబడి కూడబెట్టిన సొమ్ము కావచ్చు.